కట్టు విప్పారు, ఎముక అతుక్కుంది. తొడ మాత్రం నా మాట వినడం లేదు

విభాగం: ఎముకలు, కీళ్లు, కండరాలు

పలకాబలపం (ఒంగోలు) | ఫిబ్రవరి 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ప్రాథమిక పాఠశాలలో టీచరుని, వయసు 44. డిసెంబరు చివర్లో బడి మెట్ల మీద జారి పడి కుడి మోకాలిచిప్ప పగిలింది. ముక్కలు పక్కకు జరగలేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదన్నారు. కాలు నిటారుగా ఉంచి, తొడ పైనుంచి చీలమండ పైదాకా పిండికట్టు వేశారు. ఆరు వారాల తర్వాత మొన్న శుక్రవారం విప్పారు. ఎక్స్‌రే చూసి, ఎముక చక్కగా అతుక్కుందని డాక్టరుగారు సంతోషపడ్డారు. నేనూ సంతోషపడ్డాను, ఇంటికి వచ్చేదాకా.

స్నానం చేసి, పొలుసులు కట్టిన చర్మం నెమ్మదిగా రుద్దుతూ ఉంటే, అది నా కాలిలా అనిపించలేదు. కుట్టుమిషను టేపు తెచ్చి కొలిచాను. చిప్పకు జానెడు పైన ఎడమ తొడ 48 సెంటీమీటర్లు, కుడి తొడ 43. సన్నబడుతుందని ముందే చెప్పారు కాబట్టి దానికి భయపడలేదు. భయపెట్టింది మరొకటి. మంచం మీద వెల్లకిలా పడుకుని కాలు నిటారుగా పైకి ఎత్తమన్నారు. ఎత్తబోయాను. మడమ దుప్పటి మీద నుంచి వెంట్రుకవాసి కూడా లేవలేదు. నొప్పి వల్ల ఆగిపోవడం కాదు, అసలు ఆజ్ఞే అక్కడికి చేరలేదు. ఏ కండరాన్ని బిగించాలో మర్చిపోయినట్టుంది. 44 ఏళ్లుగా నడుస్తున్న మనిషిని, తొడ బిగించడం ఎలాగో ఎలా మర్చిపోతాను? నరం ఏమైనా తెగిందా? తెలిసినవారు చెప్పండి. రెండు రాత్రులుగా నిద్ర లేదు.

వార్డుసిస్టర్ (విశాఖపట్నం) | ఫిబ్రవరి 9, రాత్రి 10:15

అమ్మా, ముందు భయం తగ్గించుకోండి. ముప్పై ఏళ్లు ఎముకల వార్డులో పనిచేశాను, ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్క లేదు. అయినా మూడు సంగతులు చెప్పండి. పాదం పైకి, మీ వైపుకు వంచగలుగుతున్నారా? పాదం పైభాగాన, బొటనవేలికీ పక్క వేలికీ మధ్య దూదితో తాకితే తెలుస్తోందా? పిక్క వాచి, వెచ్చగా ఉండి, నొక్కితే నొప్పి పుడుతోందా?

మొదటి రెండూ ఎందుకంటే, మోకాలి కింద బయటి వైపున ఎముక మెడ మీదుగా ఒక నరం చర్మానికి చాలా దగ్గరగా పోతుంది. కట్టు అక్కడ ఒరుసుకుంటే ఆ నరం నలిగి పాదం వేలాడిపోతుంది. మూడోది రక్తం గడ్డ కట్టడం గురించి. అది ఉంటే తెల్లవారేదాకా ఆగకూడదు, ఈ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

పలకాబలపం | ఫిబ్రవరి 9, రాత్రి 10:32

సిస్టర్ గారూ, పాదం బాగానే వంగుతోంది. వేళ్ల మధ్య దూది స్పర్శ తెలుస్తోంది. పిక్కలో వాపు, నొప్పి లేవు. మోకాలు మాత్రం కొంచెం ఉబ్బి ఉంది, చిప్ప చుట్టూ గుంటలు కనిపించడం లేదు.

ఓరుగల్లు_ఫిజియో | ఫిబ్రవరి 10, ఉదయం 6:20

టీచరు గారూ, సిస్టర్ గారు అడగవలసినవే అడిగారు. మీ జవాబులను బట్టి నరం తెగిన సూచన కనిపించడం లేదు. తొడ ముందు కండరానికి వెళ్లే నరం గజ్జల దగ్గర నుంచి వస్తుంది, మీ కట్టు దానికి దూరంగా ఉంది. అయినా మీ డాక్టరుగారికి ఒకసారి చూపించండి. ఇక్కడ నేను చెప్పేది వివరణే, పరీక్ష చేయకుండా తీర్పు చెప్పలేను.

కీలును కట్టి ఉంచినప్పుడు రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. మన దగ్గర అందరూ మొదటిదాని గురించే మాట్లాడతారు.

మొదటిది మీరు టేపుతో కొలిచినది. కండరంలోని ప్రోటీను ప్రతిరోజూ ఒకటి రెండు శాతం విరిగిపోయి, అంతే మళ్లీ తయారవుతూ ఉంటుంది. పని ఆగిపోతే తయారీ మందగిస్తుంది. విరగడం మాత్రం ఆగదు. దాంతో కండరపు పోగులు సన్నబడతాయి. పోగుల సంఖ్య దాదాపు అలాగే ఉంటుంది, ఒక్కొక్కటీ చిక్కిపోతుంది. అందుకే అది తిరిగి వస్తుంది.

రెండోది టేపుకు అందనిది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో ఆరోగ్యంగా ఉన్న యువకుల ఒక కాలికి కట్టు వేసి చూశారు, 2014లో ప్రచురించారు. అయిదు రోజులకు తొడ కండరం మందం (అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం) 3.5 శాతం తగ్గింది, బలం 9 శాతం తగ్గింది. పద్నాలుగు రోజులకు మందం 8.4 శాతం, బలం 23 శాతం. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కండరం కరిగిన దానికి రెండున్నర రెట్లు బలం పోయింది. మిగతా బలం ఎటు పోయింది? చాలావరకు ఆజ్ఞ పంపే దారిలో పోయింది. మెదడు, వెన్నుపాము, నరం, నరం కండరాన్ని తాకే చోటు. మీరు 'ఆజ్ఞే చేరలేదు' అని రాశారు. పుస్తకాల్లో పేజీలకు పేజీలు చెప్పేది మీరు ఒక్క వాక్యంలో రాశారు.

మీ విషయంలో మరో రెండు తోడయ్యాయి. కాలు నిటారుగా ఉంచి కట్టారు కాబట్టి తొడ ముందు కండరం ఆరు వారాలు పొట్టిగా, వదులుగా ఉండిపోయింది. సాగి ఉన్న కండరం కంటే పొట్టిగా కట్టేసిన కండరం ఎక్కువ చిక్కుతుంది. 1972లో ఫ్రాన్స్‌లో పిల్లుల పిక్క కండరాన్ని పొట్టిగా ఉండే భంగిమలో నాలుగు వారాలు కట్టి ఉంచితే, పోగు పొడవునా గొలుసు లంకెల్లా ఉండే సార్కోమియర్లు 40 శాతం తగ్గిపోయాయి. సాగదీసి కట్టినప్పుడు పెరిగాయి కూడా. కట్టు తీశాక నాలుగు వారాల్లో మామూలు సంఖ్యకు వచ్చేశాయి, అది మర్చిపోవద్దు.

ఇంకొకటి ఆ ఉబ్బు. మోకాలిలో నీరు చేరితే లోపలి పొర సాగి, అక్కడి నరాల కొసలు వెన్నుపాముకు కబురు పంపుతాయి. వెన్నుపాము తొడ కండరానికి కళ్లెం వేస్తుంది. గాయపడిన కీలును కాపాడుకోవడానికి శరీరం చేసుకున్న ఏర్పాటు అది. గాయమేమీ లేని మోకాలిలోకి ఉప్పునీరు ఎక్కించి 1984లో కొలిచారు. 20 నుంచి 30 మిల్లీలీటర్లకే తొడ లోపలి వైపు కండరం మందగించింది. రెండు పెద్ద చెంచాల నీరు, అంతే. మీ గట్టి సంకల్పం దాని ముందు నిలవదు, అందులో మీ తప్పు లేదు. కాబట్టి మొదటి పని వాపు తగ్గించడం. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు, పూటకు ఒకసారి, కాలు ఎత్తుగా పెట్టుకుని.

సైకిల్‌చక్రం (నిజామాబాద్) | ఫిబ్రవరి 10, ఉదయం 8:05

మేడమ్, మూడేళ్ల కిందట నాదీ ఇదే కథ. మోకాలి లిగమెంటుకు ఆపరేషన్ అయ్యాక తొడ బిగించమంటే పిరుదు బిగించేవాణ్ణి, పొట్ట బిగించేవాణ్ణి, చివరికి దవడలు కూడా బిగించేవాణ్ణి. తొడ మాత్రం పరుపు మీద పెట్టిన పిండిముద్దలా ఉండేది.

నాకు పనికొచ్చింది చెబుతాను. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి దాన్ని నేలకు నొక్కమన్నారు. రెండు కాళ్లతో ఒకేసారి. ముందు బాగున్న కాలి తొడ మీద చేయి పెట్టి బిగిస్తే ఎలా ఉంటుందో చూసుకోవాలి, తర్వాత రెండో చేయి పాడైన తొడ మీద. కళ్లు చిప్ప మీదే ఉండాలి. కండరం నిజంగా బిగిస్తే చిప్ప తొడ వైపు కొంచెం జరుగుతుంది. నాలుగో రోజు సాయంత్రం అది ఒక గింజంత జరిగింది. మా ఆవిడను పిలిచి చూపించాను, ఆమెకు కనిపించలేదు. నాకు మాత్రం కనిపించింది.

గోదావరిగట్టు (కొవ్వూరు) | ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:30

నా వయసు 71. పెద్దవాడిగా ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. విరిగిన ఎముకకు విశ్రాంతి కావాలి. నా చిన్నప్పుడు చేయి విరిగితే పుత్తూరు తీసుకెళ్లి ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొనతో కట్టు కట్టించారు. చెయ్యి నేటికీ బాగుంది. ఇప్పుడు కట్టు విప్పీ విప్పకముందే కదపమంటారు, కరెంటు పెడతారు. తొందరపాటు వల్ల అతుక్కున్నది మళ్లీ విడిపోతే ఎవరు బాధ్యులు? అమ్మాయ్, నెల రోజులు నూనె రాసి గట్టిగా మర్దన చేయించుకో, నెమ్మదిగా అదే వస్తుంది.

ఓరుగల్లు_ఫిజియో | ఫిబ్రవరి 10, రాత్రి 9:10

పెద్దవారు, మీ మాటలో సగం నిజం ఉంది, దాన్ని నేను కాదనను. విరిగిన ఎముక అంచులు కదలకూడదు. అతుక్కోకముందే తొందరపడితే ముప్పే. టీచరు గారికి ఎక్స్‌రేలో అతుక్కుందని తేలింది, డాక్టరుగారు కదపమన్నారు. ఆ రెండూ లేకుండా నేనూ ఒక్క వ్యాయామం చెప్పను.

అయితే ఎముక నిశ్చలంగా ఉండాలంటే కండరం కూడా చచ్చుబడి ఉండాలా అన్న వాదన నూటయాభై ఏళ్ల నాటిది. 1850 ప్రాంతంలో డచ్చి సైన్యంలో మాథైసెన్ అనే వైద్యుడు గుడ్డకు ప్లాస్టర్ పొడి పట్టించి కట్టే పద్ధతి తెచ్చాడు. లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ సుదీర్ఘ విశ్రాంతే మందు అన్నాడు. అదే కాలంలో పారిస్‌లో లూకాస్ షాంపియోనియేర్ కదలికే ప్రాణం అని ఎదురు వాదించాడు. ఎముక అతికినా కీలు బిగిసి, కండరం కరిగి, మనిషి కుంటివాడై మిగిలిపోవడాన్ని చాలామంది చూశారు. 1958లో స్విట్జర్లాండ్ సర్జన్లు కొందరు కలిసి ప్లేట్లు, స్క్రూల పద్ధతిని క్రమబద్ధం చేసింది ప్రధానంగా దీనికోసమే, ఎముకను లోపలే గట్టిగా బిగిస్తే కీలును త్వరగా కదపవచ్చని. టొరంటోలో రాబర్ట్ సాల్టర్ కుందేళ్ల మోకాళ్ల మీద పరిశోధించి, కదిలిన కీలులో మృదులాస్థి (ఎముక కొసలను కప్పి ఉండే నున్నని పొర) మెరుగ్గా మానుతుందని చూపించాడు.

మర్దన విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. తేలికగా నూనె రాసుకుంటే చర్మానికి మంచిది. గట్టి మర్దన, బలవంతంగా వంచడం వద్దు. మోచేతి గాయాల తర్వాత గట్టిగా మర్దన చేయించుకుని కండరంలో ఎముక పెరిగి చెయ్యి శాశ్వతంగా బిగిసిపోయిన పిల్లలను నా కళ్లతో చూశాను. వాళ్ల తల్లుల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. అలాగే కట్టు ఎవరు వేసినా సరే, ఆసుపత్రిలోనైనా మరెక్కడైనా, వేళ్లు నల్లబడి, తిమ్మిరెక్కి, మందులకు లొంగని నొప్పి వస్తే గంటల్లో విప్పించాలి. లోపల ఒత్తిడి పెరిగి రక్తం అందక కండరమూ నరమూ రెండూ చచ్చిపోతాయి. అది తిరిగి రాని నష్టం. మన టీచరు గారిది తిరిగి వచ్చే నష్టం.

నాడీతంత్రం (నెదర్లాండ్స్) | ఫిబ్రవరి 11, తెల్లవారుజామున 3:25

నమస్కారం. ఊరు గుంటూరు, ఇక్కడ కండరాల శరీరధర్మశాస్త్రం చదువుతున్నాను. ఫిజియో గారు చెప్పిన రెండో నష్టం గురించే నా చదువంతా, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

'మిగతా బలం ఎటు పోయింది' అన్న ప్రశ్నకు నాకు ఇష్టమైన జవాబు బ్రస్సెల్స్‌లో డ్యుషాటో, హైనో అనే పరిశోధకులు 1987లో చేసిన ప్రయోగం. బొటనవేలి కండరాన్ని ఆరు వారాలు కదలకుండా ఉంచారు. తర్వాత మనిషిని తన శక్తికొద్దీ నొక్కమన్నారు. బలం 55 శాతం పడిపోయింది. అదే కండరాన్ని మనిషి ప్రమేయం లేకుండా నరం మీద కరెంటు పెట్టి బిగింపజేస్తే, తగ్గింది 33 శాతమే. అంటే కండరంలో ఇంకా బలం ఉంది, మనిషి దాన్ని పిలవలేకపోతున్నాడు.

పిలవడం అంటే ఏమిటో చూద్దాం. వెన్నుపాములో ఒక నాడీకణం, దాని పోగు, అది కదిలించే కండరపు పోగుల గుంపు, ఇవన్నీ కలిపి ఒక మోటార్ యూనిట్. ఎక్కువ బలం కావాలంటే మెదడు రెండు పనులు చేస్తుంది. ఎక్కువ యూనిట్లను రంగంలోకి దింపుతుంది, ఒక్కొక్క యూనిట్‌కు సెకనుకు ఎక్కువ సంకేతాలు పంపుతుంది. కట్టులో ఉన్న కండరంలో ఈ రెండోది మందగిస్తుంది. నాటింగ్‌హామ్‌లో యువకుల ఒక కాలిని 15 రోజులు కదలనివ్వకుండా ఉంచి, తొడ కండరంలో సన్నని సూదితో ఒక్కో యూనిట్ సంకేతాలను విన్నారు. 2022లో వచ్చిందది. మందం 15 శాతం, బలం 31 శాతం తగ్గాయి. సంకేతాల వేగం కట్టి ఉంచిన కాలిలోనే తగ్గింది, రెండో కాలిలో తగ్గలేదు.

మెదడులోనూ మార్పు వస్తుంది. జర్మనీలో 1995లో, చీలమండకు కట్టు ఉన్నవారి తల మీద అయస్కాంత తరంగాలతో పరీక్షిస్తే, మెదడులో ఆ కాలి కండరాన్ని కదిలించే ప్రాంతం కుంచించుకుపోయి కనిపించింది. వాళ్ల నరాలకు ఏ దెబ్బా లేదు. కట్టు ఎన్నాళ్లుంటే అంత ఎక్కువ కుంచించుకుంది. కండరాన్ని స్వయంగా బిగించినప్పుడు మాత్రం ఆ తేడా త్వరగా పోయింది. టీచరు గారూ, ఈ చివరి వాక్యం మీకోసం.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ముగ్గురు తమ కుడిచేతికి, ఏ గాయమూ లేకుండా, రెండు వారాలు కట్టు వేయించుకుని రోజూ మెదడు స్కాన్ చేయించుకున్నారు. 2020లో ప్రచురించారు. ఆ చేతికి సంబంధించిన మెదడు భాగం 48 గంటల్లోపే మిగతా కదలికల వలయంతో పొత్తు తెంచుకుంది. కట్టు తీశాక మళ్లీ కలిసిపోయింది. రెండు రోజులు! కట్టు వేసిన మూడో రోజు పెరుగన్నం తినేలోపే మెదడు సర్దుబాటు మొదలుపెడుతుందన్నమాట.

నరం కండరాన్ని కలిసే చోట కూడా అలజడి ఉంటుంది. స్లొవేనియాలో పదిమంది యువకులు పది రోజులు మంచం దిగకుండా ఉంటే, ఆ సంధి నుంచి ఊడి రక్తంలో కలిసే ఒక ప్రోటీను ముక్క పెరిగింది. నరంతో పొత్తు సడలినప్పుడు కనిపించే గుర్తులు కొన్ని పోగుల మీద మొలిచాయి. అయితే సంధి ఆకారం చెడలేదు. తెగిపోవడానికీ సడలడానికీ మధ్య చాలా దూరం ఉంది.

మత్తువైద్యం (హైదరాబాద్) | ఫిబ్రవరి 11, రాత్రి 11:00

నేను మత్తు డాక్టరుని. పైన చెప్పిన ఆ సంధి మాకు రోజువారీ వ్యవహారం, కాబట్టి ఒక ఉపయోగపడే సంగతి చేర్చుతాను.

నరం చివర నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం కారుతుంది. కండరం మీద దాన్ని అందుకునే రిసెప్టర్లు మామూలుగా సంధి దగ్గరే గుమిగూడి ఉంటాయి. కండరం చాలాకాలం పని లేకుండా ఉంటే, కబురు కోసం ఎదురుచూస్తున్నట్టుగా ఈ రిసెప్టర్లు పెరిగి, సంధి దాటి కండరం పొడవునా పరచుకుంటాయి. గర్భంలో ఉన్న శిశువు కండరంలో ఉండే రకం మళ్లీ కనిపిస్తుంది. అప్పుడు సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే, కండరం మొత్తం నుంచి పొటాషియం ఒక్కసారిగా రక్తంలోకి పొంగి గుండె లయ తప్పవచ్చు. నెలల తరబడి మంచం పట్టినవారిలో, ఐసీయూలో వారాల తరబడి ఉన్నవారిలో మేము ఆ మందు వాడకపోవడానికి కారణం ఇదే. మరో రకం కండర సడలింపు మందులేమో వాళ్లలో సరిగ్గా పట్టవు, మోతాదు పెరుగుతుంది.

ఒక్క మోకాలికి కట్టు ఉన్నవారు దీనికి హడలిపోనక్కర్లేదు. కానీ ఏ ఆపరేషన్‌కు వెళ్లినా 'ఇన్ని వారాలు కదలకుండా ఉన్నాను' అని మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ ఒక్క వాక్యం మా మందుల ట్రే మార్చేస్తుంది.

అమ్మ_కోసం (కరీంనగర్) | ఫిబ్రవరి 12, ఉదయం 7:45

మా అమ్మకు 74. మణికట్టు విరిగి కట్టు వేశారు, ఇది రెండో వారం. ఇదంతా చదివాక గుబులు పుట్టింది. కట్టు లోపల ఉండగానే చేయగలిగింది ఏమైనా ఉందా? పెద్దవాళ్లలో పోయిన కండరం తిరిగి వస్తుందా?

నాడీతంత్రం | ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 2:50

ఉంది. నా ఉత్సాహం చూసి మాయ అనుకోకండి, కొలిచిన అంకెలే చెబుతాను.

బాగున్న చేతికి వ్యాయామం చేయిస్తే కట్టులో ఉన్న చేతి బలం కూడా కొంత నిలుస్తుంది. ఒక చేతికి సాధన చేస్తే రెండో చేతికి బలం వస్తుందని యేల్ విశ్వవిద్యాలయంలో 1894లోనే గమనించారు. కెనడాలోని సస్కాచువాన్‌లో, మణికట్టు విరిగిన యాభై దాటిన స్త్రీలలో కూడా దీన్ని ప్రయత్నించి మేలు చూశారు. అమ్మగారి చేతికి మెత్తని బంతి ఇవ్వండి, విరగని చేతికి.

రెండోది ఊహ. అమెరికాలోని ఒహాయోలో నాలుగు వారాలు మణికట్టుకు కట్టు వేసి, ఒక గుంపును వారానికి అయిదు రోజులు కళ్లు మూసుకుని 'గట్టిగా బిగిస్తున్నాను' అని ఊహించమన్నారు. ఊహించనివారి బలం 45 శాతం పోయింది, ఊహించినవారిది 24 శాతం. చెయ్యి కదలలేదు, కండరం బిగియలేదు. మెదడులోని దారి మాత్రం వాడుకలో ఉంది.

కరెంటు పెట్టే పద్ధతికి మరో గుణం ఉంది. మాస్ట్రిక్ట్‌లోనే అయిదు రోజుల కట్టులో రోజుకు రెండుసార్లు తొడకు విద్యుత్ ప్రేరణ ఇస్తే కండరం మందం తగ్గలేదు, బలం మాత్రం తగ్గింది. ఊహ ఆజ్ఞను కాపాడితే, కరెంటు కండరాన్ని కాపాడుతోంది. ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టుకుని నేను ఎన్నిసార్లు ఆలోచించానో చెప్పలేను.

ఓరుగల్లు_ఫిజియో | ఫిబ్రవరి 12, రాత్రి 8:30

కరీంనగర్ తమ్ముడికి: పెద్దవాళ్లలో తిరిగి రావడం నెమ్మది. రెండు వారాల కట్టు తర్వాత నాలుగు వారాలు సాధన చేయిస్తే, కుర్రవాళ్ల కండరం కోలుకున్నంతగా వృద్ధుల కండరం కోలుకోలేదని డెన్మార్క్‌లో చూశారు. అందుకే పెద్దవాళ్ల దగ్గర పోకుండా చూసుకోవడమే ముఖ్యం. కట్టు బయట ఉన్న వేళ్లు, మోచేయి, భుజం రోజూ పూర్తిగా కదపాలి. మణికట్టు విరిగి భుజం పట్టేసిన అమ్మలు నా దగ్గరకు ఎంతమంది వస్తారో! చేతిని మెడకు వేలాడదీసి కూర్చోబెట్టేస్తారు, అంతే.

తిండి కూడా చూడండి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మజ్జిగన్నం, ఇందులో మాంసకృత్తులు చాలా తక్కువ. గాయపడిన పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలంటారు. గుడ్డులో ఆరు గ్రాములే. పప్పు ముద్దగా, పెరుగు గట్టిగా, గుడ్డో చేపో చేర్చండి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరును అడగకుండా పెంచవద్దు. అలాగని కదలిక లేకుండా ప్రోటీను పొడి డబ్బాలు కొనకండి. ఊరికే తాగిస్తే కట్టులో ఉన్న కండరం నిలవలేదని కూడా తేలింది.

పలకాబలపం | ఫిబ్రవరి 14, సాయంత్రం 6:15

నిన్న ఫిజియోథెరపీకి వెళ్లాను. జరిగింది రాయకుండా ఉండలేను.

తొడ మీద రెండు తడి పట్టీలు అతికించి మిషను పెట్టారు. మొదట చీమలు పాకినట్టుంది. ఆవిడ మీట ఇంకొంచెం తిప్పారు. ఒక్కసారిగా నా తొడ రాయిలా బిగిసింది, చిప్ప పైకి జరిగింది, మడమ పరుపు మీద నుంచి లేచింది. ఆరున్నర వారాలుగా చూడనిది. కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. మిషను ఆపి 'ఇప్పుడు మీరు' అన్నారు. ఏమీ లేదు. మళ్లీ పెట్టారు, లేచింది. అప్పుడు అర్థమైంది నాకు. బ్రస్సెల్స్‌లో ఆ బొటనవేలికి జరిగింది నా కళ్ల ముందే జరుగుతోంది. కండరం ఉంది, నరం ఉంది, లేనిది నా పిలుపే.

తర్వాత ఆవిడ, మిషను బిగించే క్షణంలోనే నన్ను కూడా బిగించమన్నారు. దానితో పాటు, దాని వెనకాలే. ఒకటో తరగతి పిల్లల చేయి పట్టుకుని నేను 'అ' దిద్దించినట్టు. ఇరవై సార్లు అయ్యాక ఆవిడ చెప్పకుండా కరెంటు తగ్గించేశారు. చిప్ప కొంచెం జరిగింది. నాకు తెలియనే లేదు, ఆవిడే చూపించారు.

సైకిల్‌చక్రం గారూ, గింజంతే. కందిగింజంత. నాకు కనిపించింది.

సైకిల్‌చక్రం | ఫిబ్రవరి 14, సాయంత్రం 6:40

నాకు ఇక్కడి నుంచే కనిపించింది మేడమ్.

గోదావరిగట్టు | ఫిబ్రవరి 15, ఉదయం 10:20

అమ్మాయ్, చదివి చాలా సంతోషించాను. గట్టి మర్దన మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫిజియో గారూ, మా మనవడికి మోచెయ్యి బెణికితే నేనే దగ్గరుండి తోమించాను నిరుడు. అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. ఇంకెప్పుడూ చేయించను.

ఒక సందేహం. నా ఎడమ భుజం నొప్పి అని నాలుగు నెలలుగా ఆ చెయ్యి ఎత్తడం మానేశాను. కట్టేమీ లేదు. దానికీ ఇదే జరుగుతుందా?

ఓరుగల్లు_ఫిజియో | ఫిబ్రవరి 15, రాత్రి 9:00

జరుగుతుంది పెద్దవారు. నొప్పికి భయపడి కదపకపోవడం కూడా ఒక కట్టే. పైగా భుజం చుట్టూ ఉండే పొర బిగిసిపోతుంది. మధుమేహం ఉందా? ఉంటే ఆ పొర బిగిసే అవకాశం ఎక్కువ. వెంటనే చూపించుకోండి. వివరాలు వేరే చర్చగా పెట్టండి, అక్కడ రాస్తాను.

పలకాబలపం | మార్చి 16, రాత్రి 8:50

అయిదు వారాల తర్వాతి కబురు. ఫిబ్రవరి 19న మడమ దుప్పటి మీద నుంచి లేచింది, మిషను లేకుండా. ఇప్పుడు పది చొప్పున మూడు విడతలు, చీలమండకు అరకిలో ఇసుక సంచి కట్టి ఎత్తుతున్నాను. మోకాలు 110 డిగ్రీల దాకా వంగుతోంది. వాపు లేదు, చిప్ప చుట్టూ గుంటలు మళ్లీ కనిపిస్తున్నాయి.

కుడి తొడ ఈ రోజు 44.5 సెంటీమీటర్లు. ఎడమకు ఇంకా మూడున్నర తక్కువ. నాడీతంత్రం గారు చెప్పినట్టే పిలుపు ముందు వచ్చింది, కండరం వెనక నెమ్మదిగా వస్తోంది. బడిలో మెట్లు ఎక్కుతున్నాను, దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటున్నాను. దిగేటప్పుడు తొడ వణుకుతోంది, ఎందుకో చెప్పగలరా ఫిజియో గారూ?

ఓరుగల్లు_ఫిజియో | మార్చి 17, ఉదయం 6:05

దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే మీ బరువును ఆపాలి. సంకేతాల వేగాన్ని క్షణక్షణానికి సర్దుకోవలసిన పని అది, ఎక్కడం కంటే కష్టం. నాలుగు అంగుళాల పీట తీసుకుని, గోడ పక్కన నిలబడి, ఎడమ మడమ నేలకు తాకేదాకా కుడి కాలి మీద నెమ్మదిగా దిగండి. అయిదు లెక్కపెడుతూ. రోజుకు ఎనిమిది చాలు. వణుకు వస్తే రానివ్వండి, నొప్పి వస్తే ఆపండి. వచ్చే వారం ఎన్ని లెక్కపెట్టగలిగారో ఇక్కడే రాయండి.